మూడో తరగతిలోనే తేలిపోతుంది
(గ్రామీణ విలేకరి)

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకాలంటే పొద్దున్నే పోవాలి. కాస్త ఆలస్యమైతే నిలబడి ఎదురుచూడవలసిందే. అక్కడ కూర్చున్న వారిలో కథలు, నవలలు చదివేవారు తక్కువ. గ్రూప్స్, పోలీసు ఉద్యోగాలు, డీఎస్సీ పరీక్షల పుస్తకాలు ముందేసుకుని తల వంచుకున్న యువతీ యువకులే ఎక్కువ. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే అశోక్‌నగర్ వస్తుంది. ఆ గల్లీల నిండా కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్లు, జిరాక్స్ దుకాణాలు, కర్రీ పాయింట్లు. తెలంగాణలో ఏ జిల్లా యాస వినాలన్నా అక్కడి టీ కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు.

వీరిలో మన రంగారెడ్డి జిల్లా పల్లెల వారు తక్కువేమీ కాదు. యాచారం, మంచాల, కందుకూరు, షాబాద్ వైపుల నుంచి వచ్చి గది అద్దెకు తీసుకుని ఏళ్ల తరబడి చదువుతున్న వారు ఉన్నారు. 2023లో గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయినప్పుడు ఆ గదుల అద్దెలు కట్టింది పల్లెల్లోని తల్లిదండ్రులే. ఆ కష్టం గురించి పత్రికలు చాలా రాశాయి. ఇక్కడ చెప్పదలచింది దానికి పదిహేనేళ్ల ముందటి సంగతి.

కొడుక్కు బియ్యం మూట తెచ్చి ఇచ్చి బస్సు కోసం నిలబడ్డ ఒక రైతును ఈ విలేకరి పలకరించాడు. "పెద్దాయనా, ఎన్నాళ్లయింది అబ్బాయి ఇక్కడికి వచ్చి?" అంటే "నాలుగేండ్లయింది సారూ. తెలివి లేనోడేం కాదు. చదువుడు మెల్లగ. పేపర్ అయిపోయేటాలకు సగం ప్రశ్నలు చదవనే అయితలేదట" అన్నాడాయన. తెలివి ఉండీ చదవడం నెమ్మది కావడానికి కారణం అశోక్‌నగర్‌లో దొరకదు. గంటలో ముప్పై పేజీలు చదివే అలవాటు ఇరవై రెండేళ్లు వచ్చాక కోచింగ్‌లో నేర్పేది కాదు. అది ఊళ్లో వేపచెట్టు పక్కన ఉన్న ప్రాథమిక పాఠశాలలో ఏడెనిమిదేళ్ల వయసులో పడవలసిన పునాది. ఆ బడి తన పని చేసిందా, చేయలేదా అన్నది మూడో తరగతిలోనే తేలిపోతుంది.

పాఠం చదువుతుంది, అక్షరం చదవదు

బడి బాగుందా అని అడిగితే మన ఊళ్లలో ముందుగా చెప్పేది గోడల రంగు, గేటు, పిల్లల టై, బూట్లు, బస్సు. ఇంకొంచెం ముందుకు పోతే ఇంగ్లిషు. పిల్లవాడు చదవగలడా అన్న ప్రశ్న చాలా ఇళ్లలో అసలు రాదు. బడికి పోతున్నాడు కనుక చదువు వస్తున్నదనే నమ్మకం.

ఆ నమ్మకం ఎంతవరకు నిజమో లెక్క తేల్చే సర్వే ఒకటి ఉంది. దాని పేరు అసర్. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005లో ప్రారంభించింది. సర్వే చేసేవారు ఊళ్లో ఇంటింటికీ వచ్చి పిల్లల చేతికి కాగితం ఇచ్చి చదవమంటారు. దేశవ్యాప్తంగా పల్లెల్లో జరిగిన 2024 సర్వేలో ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదువుతున్న పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు నూటికి 23 మందికి కాస్త పైన. ఐదో తరగతి పిల్లల్లో కూడా అదే రెండో తరగతి పాఠం చదవగలిగినవారు నూటికి 45 మంది లోపే. అంటే ప్రాథమిక పాఠశాల దాటి హైస్కూలు మెట్టు ఎక్కబోతున్న పిల్లల్లో సగానికి పైగా రెండో తరగతి దగ్గరే ఆగి ఉన్నారు. 2022తో పోలిస్తే ఇది మెరుగేనని చెప్పుకోవాలి. కరోనా కాలంలో బడులు మూతపడిన నష్టం అప్పుడు ఇంకా దారుణంగా కనిపించింది.

మన తెలుగులో ఈ ఇబ్బంది ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవడం తల్లిదండ్రులకు అవసరం. అచ్చులు, హల్లులు పాటలా పాడించడం సులువే. హల్లులు ముప్పై ఆరు. ఒక్కోదానికి గుణింతం రాస్తే ఐదు వందల రూపాలు దాటుతాయి. ఆపైన ఒత్తులు. కొన్ని ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. మకారానికీ మావత్తుకూ, యకారానికీ యావత్తుకూ పిల్లవాడి కంటికి ఏం చుట్టరికం కనిపిస్తుంది? గుణింతం దగ్గర కొందరు ఆగిపోతారు, ఒత్తుల దగ్గర ఇంకొందరు. ఆగినవారిని పట్టుకుని మళ్లీ దిద్దించే మనిషి లేకపోతే వారు చదువు మానరు. చదువుతున్నట్టు కనిపించే ఉపాయం ఒకటి వారికి దొరుకుతుంది. పక్కవాడు చదివింది విని పాఠమంతా బట్టీ పడతారు. సారు "చదువు బిడ్డా" అంటే పుస్తకం తెరిచి వేలు పెట్టి గడగడా అప్పజెప్తారు. వేలు ఒక వరుస మీద ఉంటే నోరు ఇంకో వరుస మీద ఉంటుంది. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే బిక్కమొహం వేస్తారు.

ఈ పిల్ల నాలుగో తరగతికి వస్తుంది. అక్కడ పరిసరాల విజ్ఞానం పుస్తకం ఉంటుంది. లెక్కల్లో మాటల్లో ఇచ్చిన ప్రశ్నలు ఉంటాయి. మూడో తరగతి దాకా చదవడం నేర్చుకోవాలి, నాలుగో తరగతి నుంచి చదివి నేర్చుకోవాలి. చదవడం రాని పిల్లకు ఆ తర్వాత ప్రతి పుస్తకమూ మూసిన తలుపే. బడి మానేసే పిల్లలు హైస్కూల్లో మానేస్తారని లెక్కల్లో రాస్తారు గానీ, వారి మనసు బడి మానింది మూడో తరగతిలోనే. ఇది ఎవరూ రిజిస్టరులో రాయని గైర్హాజరు.

నారాయణగూడలో 1928

చిక్కడపల్లి నుంచి నారాయణగూడ నడిచిపోయేంత దూరం. ఇప్పుడు మెట్రోలో పోతే పక్క స్టేషనే. చదువుకు సంబంధించి ఒక పెద్ద పోరాటం జరిగిన చోటు అది. ఊళ్లో బడి గురించి ఆలోచించేవారు ఆ కథ తెలుసుకోవాలి.

నిజాం కాలంలో హైదరాబాదు రాజ్యంలో పై చదువులు ఉర్దూలోనే. 1918లో ఏర్పడ్డ ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధన భాష ఉర్దూ. దానికి తగ్గట్టే హైస్కూళ్లూ. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల బడిలో అడుగుపెట్టగానే వేరే భాష. అసలే ఆడపిల్లలను బడికి పంపని కాలం. పంపినా భాష అర్థంకాక వెనక్కి వచ్చేస్తే ఇక పంపేదెవరు? ఎవరైనా సొంతంగా బడి పెట్టుకుందామంటే దానికీ సర్కారు అనుమతి కావాలి. అలాంటి ప్రైవేటు బడులను ఖాన్గీ బడులనేవారు. 1920లలో వచ్చిన నిబంధనల వల్ల వాటిని నడపడమే కష్టమైంది. ఆంధ్రోద్యమం ఎత్తుకున్న మొదటి సమస్యల్లో ఇదొకటి.

ఆ రోజుల్లో మాడపాటి హనుమంతరావు, ఆయన మిత్రులు 1928లో నారాయణగూడలో ఆడపిల్లల కోసం తెలుగు బడి స్థాపించారు. హనుమంతరావు వకీలు. 1921లో ఆంధ్రజన సంఘం పెట్టినవారిలో ముఖ్యుడు. తర్వాత 1951లో హైదరాబాదుకు మేయరయ్యారు. తెలుగులో చదువు చెప్పే బడికి ఉస్మానియా గుర్తింపు రాదు. గుర్తింపు లేని బడిలో చదివితే పరీక్ష ఎక్కడ రాయాలి? వారు పూనా వైపు చూశారు. అక్కడ ధోండో కేశవ కర్వే 1916లో స్త్రీల కోసం ఒక విశ్వవిద్యాలయం పెట్టారు. మాతృభాషలో బోధన అన్నది దాని నియమం. నారాయణగూడ పిల్లలు తెలుగులో చదివి ఆ కర్వే విశ్వవిద్యాలయం పరీక్షలకు కూర్చున్నారు. సొంత రాజధానిలో దొరకని గుర్తింపు కొన్ని వందల మైళ్ల అవతల దొరికింది. తర్వాతి కాలంలో ఆ బడికి హనుమంతరావు పేరే పెట్టారు.

అది పెరిగి ఉన్నత పాఠశాల అయిన మాట నిజమే. కానీ దాని బలం ప్రాథమిక చదువులోనే ఉంది. పిల్ల ఇంట్లో వినే మాటే బడిలో వింటుంది. తెలిసిన మాటను అక్షరాల్లో గుర్తుపట్టడమే చదవడం. 'గంప' అన్న మాట తెలిసిన పిల్లకు గ, సున్న, ప కలిపితే ఏమొస్తుందో అందుతుంది. తెలియని మాటను అక్షరాలు కూడబలుక్కుని చదివినా అది శబ్దమే, చదువు కాదు. రెండో బలం ఊరి పెద్దలు. చందాలు వేసుకోవడం, బడికి పంపమని ఇంటింటికీ తిరిగి అడగడం, గుర్తింపు కోసం పాట్లు పడడం, అన్నీ తమ పనే అనుకున్నారు. సర్కారు బడి పెట్టింది, సారును పంపింది, ఇక మాకేం పని అనుకునే మన కాలానికి ఇది కాస్త గుచ్చుకునే సంగతే.

అదే నారాయణగూడలో 1940లో న్యాయమూర్తి కేశవరావు కోరట్కర్ పేరిట కేశవ మెమోరియల్ విద్యాసంస్థ వెలిసింది. 1954లో రాజా బహద్దూర్ వెంకట్రామిరెడ్డి పేరిట మహిళా కళాశాల వచ్చింది. ఒక చిన్న బడి నిలబడితే దాని చుట్టూ చదువుల పేట పెరగడం అక్కడ చూడవచ్చు.

పచ్చ బస్సు ఎక్కితే చదువు వస్తుందా?

ఈ మాట ఎత్తగానే "మీ పిల్లలను ఇంగ్లిషు మీడియంలో వేసుకుని మాకు తెలుగు చెప్తారా?" అని ఊళ్లో అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. అశోక్‌నగర్‌లో వెనకబడుతున్నామని బాధపడే పల్లె యువకుల్లో చాలామంది ఇంగ్లిషు రాకపోవడాన్నే కారణంగా చెబుతారు. ఇంగ్లిషు కావాలి. సందేహం లేదు. తెలంగాణ ప్రభుత్వం 2022-23 నుంచి సర్కారు బడుల్లోనూ ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిషు మీడియం తెచ్చింది. పుస్తకం ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషుగా అచ్చువేశారు. ఆ ఏర్పాటు మంచిదే. కానీ తెలుగు పేజీ చదవలేని పిల్ల ఇంగ్లిషు పేజీ వైపు ఎలా దాటుతుంది? ఒక భాషలో చదవడం వచ్చిన పిల్లకు రెండో భాష అక్షరాలు త్వరగా పట్టుబడతాయి. ఏ భాషలోనూ రాని పిల్లకు రెండూ బరువే.

ప్రైవేటు బడి సంగతికి వస్తే, మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఒక పెద్ద పరిశీలన జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2008లో ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో దానిని మొదలుపెట్టారు. సర్కారు బడి పిల్లల్లో కొందరిని లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి, ఊళ్లోని ప్రైవేటు బడిలో చేరితే ఫీజు కట్టే ఏర్పాటు చేశారు. లాటరీ తగిలినవారినీ, తగలనివారినీ నాలుగేళ్లు గమనించారు. చివరకు తెలుగులో, లెక్కల్లో రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు. ప్రైవేటు బడిలో హిందీ మాత్రం బాగా వచ్చింది, ఎందుకంటే సర్కారు ప్రాథమిక బడిలో హిందీ చెప్పనే చెప్పరు.

ఇందులో సర్కారు బడి సంబరపడవలసింది ఏమీ లేదు. అదే పరిశీలనలో ప్రైవేటు బడి ఒక్కో పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతుకన్నా తక్కువ అని తేలింది. తక్కువ జీతానికి పనిచేసే టీచర్లతో, తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం కేటాయించి కూడా వారు అంతే ఫలితం తెచ్చారు. పెద్ద చదువులు చదివిన, మంచి జీతం అందుకునే మన సర్కారు సార్లు అంతకు రెట్టింపు తేగలగాలి. రైతు వైపు నుంచి చూస్తే మాత్రం, అప్పు చేసి కట్టిన ఫీజుకు తెలుగు, లెక్కలు అదనంగా రాలేదన్నది నిజం. బస్సు రంగు చూసి బడి మార్చేవారు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

రోజుకు నలభై ఎనిమిది నిమిషాలు

ఇప్పుడు ఊళ్లో బడి లోపలికి పోదాం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాల ఏడాదికి 200 రోజులు, 800 గంటలు నడవాలి. అంటే రోజుకు నాలుగు గంటల బోధన. అరవై మంది లోపు పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. తరగతులు మాత్రం ఐదు. ఇద్దరు సార్లూ రోజంతా నిలబడి చెప్పినా ఒక్కో తరగతికి దక్కేది గంటా ముప్పై ఆరు నిమిషాలు. ఒక్కరే ఉన్న బడిలో నలభై ఎనిమిది నిమిషాలు. అందులో తెలుగు, ఇంగ్లిషు, లెక్కలు, పరిసరాలు అన్నీ. సారు మీటింగుకు పోయినా, ఆన్‌లైన్ హాజరు నింపుతూ ఫోను పట్టుకుని కూర్చున్నా, గుడ్ల లెక్క రాసుకున్నా ఆ కాస్తలోంచే కోత. మిగతా మూడు గంటలు పిల్లలు పలక మీద అదే అక్షరం దిద్దుతూ, ఒకరి పలక ఒకరు తుడుస్తూ గడుపుతారు.

ఒక్కరే ఉంటే ఇక చేయగలిగింది లేదని చేతులెత్తేయవలసిన పని లేదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వారు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడులు దీనికి దారి చూపాయి. అక్కడ తరగతి గోడలు లేవు. పాఠాలన్నీ చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడ మీద నిచ్చెన బొమ్మ. ప్రతి మెట్టుకూ ఒక గుర్తు. పిల్ల తాను ఏ మెట్టు మీద ఉందో చూసుకుని ఆ కార్డు తెచ్చుకుంటుంది. కొన్ని కార్డులు సారు దగ్గర కూర్చుని చేసేవి, కొన్ని తోటి పిల్లలతో, కొన్ని ఒంటరిగా. వారం రోజులు కూలికి పోయిన తల్లి వెంట వెళ్లి వచ్చిన పిల్ల ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే మొదలుపెడుతుంది. ఆ పద్ధతి తర్వాత తమిళనాడు సర్కారు బడులకు పాకింది.

అంత పెద్ద ఏర్పాటు లేకున్నా రోజుకు ఒక గంట తరగతులు పక్కనబెట్టి, అక్షరాల దగ్గర ఉన్నవారిని ఒక గుంపు, మాటల దగ్గర ఉన్నవారిని ఒక గుంపు, కథ చదవగలవారిని ఒక గుంపు చేసి కూర్చోబెడితే రెండు మూడు నెలల్లో మార్పు కనిపిస్తుందని ప్రథమ్ వారి అనుభవం. మన రాష్ట్రంలో 2022లో తొలిమెట్టు పేరుతో మొదలైన కార్యక్రమం ఉద్దేశమూ ఇదే. నాలుగో తరగతి పిల్లను రెండో తరగతి పిల్ల పక్కన కూర్చోబెట్టారని తల్లిదండ్రులు చిన్నబుచ్చుకోరాదు. చిన్నతనం అక్కడ లేదు.

ఉపాధ్యాయుల మీద నేరం మోపడం సులువు. 2005లో ఉమ్మడి రాష్ట్రంలో పైన చెప్పిన ఆర్థికవేత్తలే ఇంకో ప్రయోగం చేశారు. పిల్లల చదువు మెరుగైతే సారుకు జీతంలో నూటికి మూడు వంతుల మేరకు సగటున బహుమానం. రెండేళ్లలో ఆ బడుల పిల్లలు లెక్కల్లో, తెలుగులో మిగతావారిని దాటారు. విశేషమేమిటంటే సార్ల హాజరు పెరగలేదు. వచ్చిన రోజున చెప్పే తీరు మారింది. ఇంటిపని ఎక్కువ ఇచ్చారు, బడి అయ్యాక కూర్చోబెట్టారు, మాదిరి పరీక్షలు పెట్టారు. సారు బడికి వచ్చాడా అని ఊరు కనిపెడుతుంది, మంచిదే. వచ్చి ఏం చేశాడన్నది అంతకన్నా ముఖ్యం.

ఇక్కడ మళ్లీ అశోక్‌నగర్ మాట. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు ప్రకటించారు. అందులో 6,508 ప్రాథమిక బడుల్లో చెప్పే ఎస్జీటీ పోస్టులు. కోచింగ్ గదుల్లో, గ్రంథాలయాల్లో రాత్రింబవళ్లు చదివిన యువతీ యువకులే ఆ అక్టోబరులో నియామక పత్రాలు అందుకుని పల్లెలకు వచ్చారు. వారు చదివింది నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే చదువు. ఊళ్లో ఎదురయ్యేది మావత్తు దగ్గర ఆగిపోయిన పిల్ల. ఈ కొత్త సార్లలో చాలామంది పల్లెబడిలో చదివినవారే కనుక ఆ పిల్ల కష్టం వారికి త్వరగా అర్థమవుతుందని ఆశపడవచ్చు.

పత్తి చేనుకు పోయిన పిల్ల

సారు ఎంత మంచివాడైనా పిల్ల బడికి రానిదే ఏం చేస్తాడు? ఈ విషయంలో దేశానికి దారి చూపింది మన జిల్లాయే. శాంతా సిన్హా గారి ఆధ్వర్యంలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనికి పోయే పిల్లలను బడికి తెచ్చే ఉద్యమం నడిపింది. శంకర్‌పల్లి ప్రాంతం దానికి మొదటి కార్యక్షేత్రాల్లో ఒకటి. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వారి మాట. పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుపడి పారిపోతుంది కనుక, శిబిరం పెట్టి కొన్ని నెలలు చదివించి వయసుకు తగ్గ తరగతిలో చేర్చారు. ఊరి యువకులే కావలి. ఆ కృషికి 2003లో శాంతా సిన్హాకు మెగసెసే అవార్డు వచ్చింది.

అదే 2003లో, సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఇచ్చిన ఆదేశం మేరకు, ఉమ్మడి రాష్ట్రంలో బడిలో వండిపెట్టే మధ్యాహ్న భోజనం మొదలైంది. ఆకలితో ఉన్న పిల్లకు అక్షరం ఎక్కదు. వంట చేసే అక్కలకు బిల్లులు నెలల తరబడి ఆగితే పప్పు పలచనవుతుంది. పప్పు పలచనైతే పిల్లల సంఖ్యా పలచనవుతుంది. విద్యాశాఖ దీన్ని చిన్న సంగతిగా చూడరాదు. నీళ్లు లేని మరుగుదొడ్డి కూడా ఇలాంటిదే, ఆడపిల్లల తల్లులను అడిగితే చెబుతారు.

ఇప్పుడు ఊళ్లలో పిల్లలను పనిలో పెట్టడం చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు. పత్తి తీసే రోజుల్లో నాలుగో తరగతి పిల్ల తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంటి దగ్గరే ఉంటుంది. పదిహేను రోజుల తర్వాత బడికి పోతే పాఠం ముందుకు పోయి ఉంటుంది. ఇంట్లో వారికి అది పదిహేను రోజులే.

ఊరు అడగవలసిన లెక్క

పిల్లలు లేక తాళం పడ్డ సర్కారు బడులు మన జిల్లాలోనూ ఉన్నాయి. బడిలో చదువు చెప్పడం లేదని తల్లిదండ్రులు పిల్లలను తీస్తారు. పిల్లలు తగ్గారని సర్కారు సారును వేరే ఊరికి పంపుతుంది. సారు పోయాడని మిగతావారూ బస్సు ఎక్కుతారు. చివరకు మిగిలేవి ఫీజు కట్టలేని నాలుగిళ్లు. బడి పోతే ఆ నాలుగిళ్ల ఆడపిల్లల చదువు అక్కడితో సరి.

చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది స్త్రీలు. తెలంగాణలో 2024 నుంచి మహిళా సంఘాల వారితో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. ఈ కమిటీల్లో మాట్లాడుకునేది ఎక్కువగా గోడలు, నల్లాలు, కరెంటు. అవీ కావలసినవే. ఆ తర్వాత ఒక పది నిమిషాలు చదువు గురించి మాట్లాడితే సంఘం అమ్మలకు తెలియని విద్య ఏమీ కాదు. బ్యాంకు పుస్తకంలో వాయిదాలు లెక్క చూసుకునే అమ్మకు, బడిలో ఎంతమంది చదవగలరో లెక్క అడగడం కష్టమా?

చదువు రాని తల్లి కూడా పిల్లను పరీక్షించవచ్చు. బడి పుస్తకం వద్దు, అది బట్టీ పట్టి ఉంటుంది. ఈ పత్రికే చేతికిచ్చి నాలుగు వరుసలు చదవమనండి. ఆగకుండా, కథ చెప్పినట్టు చదివితే వచ్చినట్టే. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంటే రానట్టే. చదివాక ఏం రాశారని అడగండి. సొంత మాటల్లో చెప్పగలగాలి. లెక్కలకైతే 52లోంచి 27 తీసేయమనండి. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం వచ్చిందో లేదో అక్కడే తెలుస్తుంది. మూడో తరగతి పూర్తయిన పిల్లకు ఈ రెండూ రావాలి. రాకపోతే పిల్లను కొట్టవద్దు, మొద్దు అనవద్దు. మరునాడు బడికి పోయి సారునో టీచరమ్మనో కలిసి ఏ అక్షరం దగ్గర ఆగిందో అడగండి. ఆ జవాబు వెంటనే చెప్పగలిగిన సారు ఉన్న బడి నుంచి పిల్లను తీయకండి, గోడలకు రంగు లేకపోయినా సరే.

వేసవి సెలవుల తర్వాత జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ రోజుల్లోనే బడిబాట పేరుతో సార్లు పిల్లలను చేర్చమని ఇంటింటికీ వస్తారు. యూనిఫాం, పుస్తకాలు, భోజనం ఇస్తామని చెబుతారు. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టండి. పోయిన ఏడు మూడో తరగతిలో ఎంతమంది ఉన్నారు, వారిలో పేపరు చదవగలిగేది ఎంతమంది అని అడగండి.